గట్టు మీద ఎదురుబండి

*పండక్కి ఊళ్లు నిండుతున్నాయి. కొత్త కార్లు, కొత్త బళ్లు, కొత్త లైసెన్సులు గోదావరి జిల్లాల దారి పట్టాయి. జనవరి జాతీయ రహదారి భద్రతా మాసం కూడా. ఈ నెల్లోనే డెల్టా మీద మంచు దిగుతుంది, కాలువలు దాళ్వా పంటకిచ్చే నీటితో నిండుతాయి. కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్లకి ఇక్కడి రోడ్డు ఏం అడుగుతుంది?*

పొద్దున్న ఆరున్నర. ఆలమూరు దగ్గర మా ఊరి కాలువ గట్టు. మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, కాలువ ఏదో రోడ్డు ఏదో అవతల చేలేవో తెలియడం లేదు. స్టీరింగ్ ముందు మా మేనకోడలు. ఇరవై ఏళ్ల పిల్ల. రాజమండ్రిలో రెండు వారాలు డ్రైవింగ్ నేర్చుకుంది. లైసెన్సు చేతికొచ్చి నెల కూడా కాలేదు. పక్క సీట్లో నేను. ఎడమ పక్క నిండుగా కాలువ. కుడి పక్క నిలువెత్తు పల్లంలో చేలు. మధ్యలో కారున్నర పట్టే తారు రోడ్డు.

మంచులోంచి రెండు పసుపు లైట్లు కనబడ్డాయి. వాటి వెనక ఒక కొండ కదిలొస్తోంది. వరిగడ్డి ట్రాక్టరు. ట్రక్కుకి రెండు పక్కలా బారెడేసి గడ్డి వేలాడుతోంది.

"మావయ్యా, ఇప్పుడేం చెయ్యను?"

"ఆపెయ్యమ్మా."

"ఇక్కడా? పక్కన కాలవుంది కదా!"

"అందుకే ఆపమంటున్నాను."

బ్రేకు తొక్కింది గానీ క్లచ్ మర్చిపోయింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. పిల్ల చేతులు వణుకుతున్నాయి. ట్రాక్టరు కూడా ఆగింది. తోలుతున్నాయన దిగి, తలగుడ్డ సర్దుకుంటూ మా వైపు నడిచొచ్చాడు. కేకలేస్తాడేమో అనుకున్నాను. ఆయన అద్దం దగ్గర వంగి, "అమ్మాయిగారు కొత్తాండీ?" అన్నాడు.

అవునన్నాను.

"ఆయ్. పర్లేదండి. నా వెనకాల ట్రక్కుంది, నేను వెనక్కి రాలేనండి. మీ వెనక తూము దగ్గర రోడ్డు కాస్త వెడల్పండి. అక్కడి దాకా మెల్లిగా వెళ్లిపోండి. నేను చెప్తాగా."

ఆయన కాలువ అంచున నిలబడ్డాడు. బండి ఎంత వెనక్కి వెళ్తే ఆయనా అంత నడిచాడు. "అంతేనండి. చక్రం తిప్పకండి. ఓ మూరెడు ఇటు. చాలండి, ఆగండక్కడ." ఆయన ఉన్న చోటు దాటితే కాలువ అని మాకు తెలిసేలా, తన మనిషినే హద్దురాయిగా పెట్టాడు. తర్వాత ట్రాక్టరెక్కి, చెయ్యెత్తి, గడ్డి మా అద్దాలకి రాసుకుంటూ ఉండగా దాటుకుని వెళ్లిపోయాడు.

కాసేపు పిల్ల మాట్లాడలేదు. తర్వాత అంది: "మావయ్యా, బండి మీద ఎనిమిది వెయ్యడం నేర్పారు, కారుతో హెచ్ వెయ్యడం నేర్పారు. ఎదురుబండి వస్తే ఎవరు ఆగాలో మాత్రం ఎవరూ చెప్పలేదు."

ఆ ప్రశ్న పట్టుకునే ఈ కథనం రాస్తున్నాను.

పడవలు లాగిన దారిలో కార్లు

మా రోడ్లు ఇలా ఎందుకున్నాయో తెలియాలంటే కాటన్ దొర కాలానికి వెళ్లాలి. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి కాలువలు తవ్వారు. తవ్విన మట్టిని రెండు పక్కలా పోశారు. అవే గట్లు. కాలువలు పొలాలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. ధాన్యం, కొబ్బరి, పెళ్లివారు, యాత్రికులు అందరూ పడవల మీదే తిరిగారు. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవారు. అంటే ఈ గట్టు మొదట కాలినడక దారి.

తర్వాత దాని మీద కంకర పడింది, తారు పడింది, బస్సు వచ్చింది. ఇప్పుడు స్కూలు బస్సులు, చేపల లారీలు, కొబ్బరి లారీలు, ఇసుక టిప్పర్లు, వరికోత యంత్రాలు అన్నీ దాని మీదే. చాలా చోట్ల గట్టు వెడల్పు మాత్రం అంతగా పెరగలేదు. ఎక్కడ పెరుగుతుంది? ఇటు నీళ్లు, అటు చేలు. కాలువ ఎటు వంగితే రోడ్డూ అటే వంగుతుంది. లాకుల దగ్గర వంతెన మీద ఒక్క బండే పడుతుంది. వేమగిరి నుంచి కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు మీదుగా సామర్లకోట వైపు వెళ్లే కెనాల్ రోడ్డు తెలిసినవాళ్లకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

కొండదారిలో రెండు బళ్లు పట్టని చోట, ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలని రోడ్డు నిబంధనల్లో ఉంది. గట్టు దారికి మా పల్లెల్లో నోటిమాటగా సాగే పద్ధతి ఒకటుంది. బరువు బండికి ఖాళీ బండి దారిస్తుంది. వెడల్పు చోటుకి ఎవరు దగ్గరుంటే వాళ్లు వెనక్కి తగ్గుతారు. కాలువ పక్క ఉన్న బండిని కంగారు పెట్టరు, హారన్ కొట్టరు. ఆ ట్రాక్టరాయన చేసింది అదే. ఈ పద్ధతి ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ పాఠం కాదు. ఊళ్లో పుట్టి, నాన్న వెనక సైకిలెక్కి పెరిగినవాడికి చూసి చూసి అబ్బుతుంది. హైదరాబాద్‌లో నేర్చుకుని పండక్కి కారేసుకొచ్చిన కుర్రాడికి ఎక్కడ తెలుస్తుంది?

తారు దిగిన ఎడమ చక్రం

గట్టు మీద ప్రమాదం చాలాసార్లు చిన్నగా మొదలవుతుంది. వానాకాలంలో గట్టు మట్టి జారుతుంది. తారు అంచు పెచ్చులూడి, రోడ్డుకీ పక్క మట్టికీ మధ్య జానెడు దిగుడు ఏర్పడుతుంది. ఎదుటి బండికి దారిద్దామని పక్కకి జరిగినప్పుడు ఎడమ చక్రం ఆ దిగుడులో పడుతుంది. కారు ఎడమకి లాగుతుంది. కొత్తవాడి గుండె జారిపోతుంది. చేతులు తమంతట తామే స్టీరింగ్‌ని కుడికి గట్టిగా తిప్పేస్తాయి. చక్రం తారు అంచుని ఒరుసుకుని ఒరుసుకుని, ఒక్కసారిగా పైకెక్కుతుంది. అప్పటికి స్టీరింగ్ పూర్తిగా కుడికి తిరిగి ఉంటుంది. కారు రోడ్డుకి అడ్డంగా దూసుకెళ్లి, చేలోకో ఎదుటి బండి మీదకో పోతుంది. కాలువలో పడతానన్న భయంతో చేసిన పనే అవతలి పక్క ప్రమాదం తెస్తుంది.

అలాంటప్పుడు చెయ్యాల్సింది చేతులకి నచ్చని పని. స్టీరింగ్‌ని ఉన్నదున్నట్టు గట్టిగా పట్టుకోవాలి. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యాలి. బ్రేకు ఒక్కసారిగా తొక్కకూడదు. బండి తనంతట తాను నెమ్మదించి, నడక వేగానికి వచ్చాక, వెనకా ముందూ చూసుకుని మెల్లిగా తారెక్కించాలి. ఇది పుస్తకంలో చదివితే రాదు. ఊరి బయట కాలువ లేని చోట, పల్లంలో ఉన్న మట్టి అంచు చూసుకుని, గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతో నాలుగైదుసార్లు కావాలని చక్రం దింపి ఎక్కించి చూడాలి. పక్కన తెలిసినవాళ్లు ఉండాలి. మా పిల్లతో ఒక ఆదివారం పొద్దుటంతా ఇదే చేయించాను. మొదటి రెండుసార్లు తనూ కుడికి తిప్పేసింది. ఐదోసారికి చేతులు మాట విన్నాయి.

గట్టు మీద ముప్పై, నలభై దాటొద్దని పెద్దవాళ్లు చెప్పేదానికి లెక్క ఉంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. గేదె కనబడి, కాలు బ్రేకు మీదకి వెళ్లేలోగా ఒక సెకను గడిచిపోతుంది. ఆ 17 మీటర్లు బండి ఏమాత్రం తగ్గకుండా పోతుంది. బ్రేకు ఆ తర్వాత మొదలవుతుంది. పైగా వేగం రెట్టింపైతే బ్రేకు తొక్కాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. గట్టు మీద వంపు తర్వాత ఏముందో కనబడేది ఎంత దూరం? ఆ దూరంలో ఆగగలిగే వేగమే అక్కడి వేగం.

> ఎల్ బోర్డు ఉన్నన్నాళ్లూ
>
> గేరున్న బండికైనా, కారుకైనా 18 ఏళ్లు నిండాలి. 16 నిండినవాళ్లకి 50 సీసీ లోపు గేరులేని బండికే అనుమతి.
>
> ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాతే అసలు లైసెన్సు పరీక్షకి వెళ్లొచ్చు. ఆ నెల రోజులు నిజంగా నేర్చుకోవడానికి ఇచ్చినవి.
>
> కారుకి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర ఎల్ ఉండాలి. పక్కన లైసెన్సున్న మనిషి, అవసరమైతే బండి ఆపగలిగేలా కూర్చుని ఉండాలి.
>
> ఎల్ఎల్ఆర్‌తో బైకు నడిపేవాళ్లు, నేర్పేవాళ్లని తప్ప ఇంకెవర్నీ వెనక ఎక్కించుకోకూడదు.

ధాన్యం మీద బ్రేకు

నాకు పందొమ్మిదేళ్లప్పుడు, సార్వా కోతల రోజుల్లో, స్నేహితుడి బండి తీసుకుని సాయంత్రం పూట ఊరికొస్తున్నాను. రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోశారు. ముందు పోతున్న సైకిలాయన్ని దాటబోయి ధాన్యం మీదకెక్కాను. ఎదురుగా ఎడ్లబండి. ముందు బ్రేకు పట్టేశాను. ధాన్యపు గింజ గోళీలాంటిది. చక్రం కింద దొర్లుతుంది, నేలని పట్టనివ్వదు. బండి నా కాళ్ల కిందనుంచి వెళ్లిపోయింది. నేను తూటికాడలు పట్టుకుని కాలువలో తేలాను. బాతుల మంద తోలుతున్న ఒకాయన కర్ర చాపి లాగాడు. మోచెయ్యి విరిగింది. ఇప్పటికీ చలి రోజుల్లో ఆ చెయ్యి పూర్తిగా చాపలేను. ఆరోజు కాలువలో నీళ్లు తక్కువ. జనవరిలోలా నిండుగా ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడం నాకిష్టం లేదు.

ధాన్యం రోడ్డు మీద పోసే రైతుని తిట్టడం తేలిక. కళ్లం చేసుకునే చోటు లేక, తేమ శాతం తగ్గకపోతే కొనేవాడు లేక, మబ్బు చూసి గుండె దడతో రోడ్డెక్కుతాడతను. ధాన్యం మీద కప్పిన బరకాలు ఎగిరిపోకుండా అంచున రాళ్లు పెడతారు. చీకటి పడ్డాక ఆ రాళ్లు, నల్ల బరకాలు కనబడవు. బైకులకి అవే యములు. కోతల రోజుల్లో రాత్రి పూట రోడ్డుకి ఏ పక్క ఏముందో తెలియనప్పుడు వేగం తగ్గించడం తప్ప దారి లేదు. ఆరబోసేవాళ్లు కనీసం రాయికి బదులు ఇసుక మూట పెట్టి, రాత్రికి ఒక లైటో, మెరిసే టేపో కడితే ఒక కుర్రాడు ఇంటికి చేరతాడు.

ధాన్యం ఒక్కటే కాదు. భీమవరం, ఆకివీడు వైపు చేపల లారీల నుంచి కారే నీళ్లు రోడ్డుని నున్నగా చేస్తాయి. చెరువు మట్టి తోలే ట్రాక్టర్ల వెనక, తొలివాన పడగానే తారు మీద జిగురు బురద. టిప్పర్ల నుంచి రాలిన ఇసుక వంపుల్లో చేరుతుంది. ఇలాంటి చోట బ్రేకు, వంపు రెండూ ఒకేసారి వద్దు. నిటారుగా ఉండగానే వేగం తగ్గించుకుని, ఆ తర్వాత తిరగాలి. రెండు బ్రేకులూ కలిపి, నెమ్మదిగా. సినిమా నటుడు సాయి ధరమ్ తేజ్ 2021 సెప్టెంబర్‌లో హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర బైకు జారిపడింది రోడ్డు మీది ఇసుక వల్లే. చాలా రోజులు ఆస్పత్రిలో ఉన్నా, మళ్లీ మన మధ్యకి వచ్చాడు. ఆ రోజు ఆయన తల మీద హెల్మెట్ ఉంది.

మంచులో లైటు ఎక్కువైతే

సంక్రాంతి ముందు డెల్టా మంచు చూడ్డానికి అందం, నడపడానికి కష్టం. కొత్తవాళ్లు కనబడటం లేదని హై బీమ్ వేస్తారు. మంచు బిందువుల మీద పడిన ఆ వెలుగు తిరిగి మన కళ్లలోకే వస్తుంది, తెల్ల గోడ ఇంకా దట్టమవుతుంది. డిమ్ లైటే వెయ్యాలి. ఫాగ్ లైట్లుంటే అవి. అద్దం కాస్త దించితే ఎదుటి బండి చప్పుడు చెవికి ముందే అందుతుంది. ముందు బండి తోక లైటు పట్టుకుని వెనకే అంటుకుపోవద్దు, ఆ బండి కాలువలోకి పోతే మీరూ పోతారు. ముందున్న బండి ఒక కిలోమీటరు రాయి దాటాక మీరు అదే రాయి చేరేలోగా మామూలుగా రెండు సెకన్లు గడవాలి. మంచులో, వానలో నాలుగు. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెయ్యొద్దు. మీరు ఆగారో, నడుస్తున్నారో, ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు.

అసలు మాట, భోగి మంట దగ్గరికి అరగంట ఆలస్యంగా వెళ్తే పండగేం ఆగదు. ఎండెక్కి మంచు విడేదాకా ఆగడం కూడా డ్రైవింగే.

బ్యారేజీ మీద ఆ రాత్రి

2015 జూన్. గోదావరి పుష్కరాలకి ఇంకా నెల. తిరుపతి వెళ్లి విశాఖ వైపు తిరిగొస్తున్న ఒక తుఫాన్ వాహనం ధవళేశ్వరం బ్యారేజీ మీంచి కింద పడిపోయింది. 22 మంది చనిపోయారు. అందులో పసిపిల్లలున్నారు. ఒక్క అబ్బాయి బతికాడు. మా వైపు ఇళ్లలో ఆ రోజు అన్నం ముట్టనివాళ్లు చాలామంది. ఇప్పటికీ బ్యారేజీ మీద బస్సు వెళ్తుంటే ఆ చోట కిటికీలోంచి చూసి చేతులు జోడించేవాళ్లని చూస్తుంటాను.

మొక్కు తీర్చుకుని రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారేసరికి ఇంట్లో ఉండాలనుకోవడం మన అలవాటు. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా ఒంటికి నిద్ర తప్పనిసరి వేళ. ఆ వేళ కళ్లు తెరిచే ఉన్నా మెదడు కొన్ని సెకన్లు నిద్రపోతుంది. గంటకి 80 వేగంలో మూడు సెకన్లంటే అరవై అయిదు మీటర్లకి పైగా బండి ఎవరూ నడపకుండానే పోతుంది. కిటికీ తెరవడం, పాటలు పెట్టుకోవడం, కిళ్లీ నమలడం నిద్రని ఆపవు. రాత్రి హైవే మీద పోలీసులు లారీలని ఆపి డ్రైవర్లతో మొహం కడిగించి పంపుతుంటారు. మంచి పనే, కానీ మొహం మీద నీళ్లు కాసేపే పనిచేస్తాయి. నిద్రకి మందు నిద్రే. బండి పక్కకి, లైట్లున్న చోట, హైవే మార్జిన్ మీద కాకుండా లోపలికి తీసి, ఇరవై నిమిషాలు పడుకోవాలి. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లు మొదటి ఏడాది రాత్రి దూరప్రయాణాల స్టీరింగ్ పట్టకపోతే మేలు.

లోడు మీద మనుషుల్ని ఎక్కించే అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2024 సెప్టెంబర్‌లో దేవరపల్లి మండలంలో జీడిగింజల బస్తాల మినీలారీ బోల్తా పడి, బస్తాల కింద ఏడుగురు కూలీలు చనిపోయారు. పని అయ్యాక ఇంటికెళ్లడానికి వాళ్లకి దొరికిన బండి అదే. అలాంటి బండి తోలమని కొత్త డ్రైవరుని యజమాని ఒత్తిడి చేస్తే కాదనే ధైర్యం ఎక్కడినుంచి రావాలి? అలా ఒత్తిడి చెయ్యకూడదని ముందు నేర్పాల్సింది యజమానులకే.

> కారు కాలువలో పడితే
>
> కారు వెంటనే మునగదు. తేలే ఆ కొద్దిసేపే మీ చేతిలో ఉంది. ఫోను చెయ్యొద్దు, తలుపు తొయ్యొద్దు. బయటి నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు.
>
> బెల్టు తియ్యాలి. పక్క అద్దం దించాలి. కరెంటు అద్దాలు నీళ్లలో కూడా కాసేపు పనిచేస్తాయి, ఆ కాసేపట్లోనే నొక్కాలి. పిల్లల్ని ముందు బయటికి తోయాలి, వెనకే మీరు.
>
> అద్దం దిగకపోతే పక్క అద్దం మూల మీద గట్టి మొనతో కొట్టాలి. ముందు అద్దం మీద కొట్టి సమయం పోగొట్టుకోవద్దు, అది పొరల అద్దం, పగిలినా ఊడదు. గాజు పగలగొట్టే చిన్న సుత్తి చేతికందే చోట ఉంచుకోండి, డిక్కీలో కాదు.

పండక్కి బండి అడిగే పిల్లలు

పండగ మూడు రోజులూ ఊళ్లో తాళంచెవుల బేరం నడుస్తుంది. ఇంటర్ చదివే పిల్లాడు బాబాయి బండి అడుగుతాడు. తొమ్మిదో తరగతివాడు అక్క స్కూటీ అడుగుతాడు. కోడిపందేల బరి దాకా వెళ్లొస్తామంటారు. ఒక బండి మీద ముగ్గురు. "పల్లెటూళ్లో ఎవరు పట్టుకుంటార్లే" అంటారు పెద్దలు. పదో తరగతిలో మంచి మార్కులొస్తే బండి కొనిస్తానని మాటిచ్చిన తండ్రులు నాకు చాలామంది తెలుసు. అది ప్రేమే. పిల్లాడు అడిగితే కాదనలేని ప్రేమ.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఈ ప్రేమని నేరుగా పట్టుకుంది. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి, లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. బాబాయి బండి ఇచ్చినా లెక్క ఇదే. ఇవన్నీ చెప్పినా ఇంట్లో చెవికెక్కకపోతే, ఒక మాట అడగండి. పిల్లాడు ఎవర్నైనా గుద్ది, అవతలి మనిషి మంచం పడితే, ఆ పదిహేనేళ్ల పిల్లాడు జీవితాంతం మోసే బరువు మీరు దించగలరా?

కోనసీమ నుంచి ఎదుర్లంక వంతెన మీదుగా యానాం వెళ్లి, తాగి, రాత్రి బండి మీద తిరిగొచ్చేవాళ్ల గురించి కూడా ఇంటివాళ్లకి తెలుసు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ.

తల, నడుము

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మరణాలు. అందులో హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. సీటు బెల్టు లేక 16,715 మంది. మండపేట, రామచంద్రపురం లాంటి ఊళ్లని తలుచుకుంటే ఆ యాభై వేలు ఎంతో మనసుకి అందుతుంది. ఒక్క ఏడాదిలో ఒక పట్టణానికి పట్టణం.

హెల్మెట్ మోచేతికి తగిలించుకుని, పోలీసు కనబడగానే తలకెక్కించే అలవాటు మా దారుల్లో ఇంకా పోలేదు. పట్టీ బిగించని హెల్మెట్ పడినప్పుడు తలకంటే ముందే ఎగిరిపోతుంది. ఐఎస్ఐ ముద్ర లేని తొక్క హెల్మెట్ ఎండకి తప్ప దేనికీ పనికిరాదు. వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ తప్పనిసరి, నాలుగేళ్లు దాటిన పిల్లలకి కూడా. స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు చున్నీ రెండు కొసలూ ముందుకి తెచ్చి ముడి వేసుకోవాలి. వెనక ఒక పక్కకి కూర్చునే ఆడవాళ్ల చీర కొంగు చక్రంలో పడకుండా వెనక చక్రానికి సగం దాకా అడ్డు ఉండాలని నిబంధనే ఉంది. అందం కోసం దాన్ని పీకించేస్తున్నారు. కొంగు చక్రంలో చిక్కి వెనక్కి పడిన మనిషిని ఒకసారి చూసినవాళ్లు ఆ పని చెయ్యరు.

ఇంక బెల్టు. 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ మూడు చోట్ల కట్టే ఈ పట్టీని తయారు చేశాడు. కంపెనీ దాని పేటెంటు హక్కుని తన దగ్గర దాచుకోకుండా అందరికీ వదిలేసింది. అలాంటి కానుకని మనం సీటు వెనక ముడేసి, చప్పుడు రాకుండా ఉత్తి క్లిప్పు గుచ్చుతున్నాం. 2018 ఆగస్టులో నందమూరి హరికృష్ణ నల్గొండ దగ్గర తన కారు తానే నడుపుకుంటూ వెళ్తూ ప్రమాదంలో పోయారు. ఆయన బెల్టు పెట్టుకోలేదు. ఎన్నో వేల కిలోమీటర్లు స్టీరింగ్ పట్టిన చెయ్యి అది. నడపడం వచ్చినవాళ్లకి బెల్టెందుకన్న మాటకి ఇంతకంటే జవాబు ఏం కావాలి? వెనక సీట్లోనూ బెల్టు తప్పనిసరి. మా ఇంట్లో వెనక కూర్చున్న అమ్మమ్మ బెల్టు పెట్టుకునేదాకా పిల్ల తాళం తిప్పదు. "ఏవిటే ఈ తాడు, నన్ను కట్టేస్తావా" అని అమ్మమ్మ విసుక్కుంటుంది, పెట్టుకుంటుంది.

> హైవే ఎక్కేముందు
>
> 2018లో కేంద్రం ప్రకటించిన గరిష్ట వేగాలు: నాలుగు వరసల హైవే మీద కార్లకి గంటకి 100 కిలోమీటర్లు, బైకులకి 80. ఊళ్లలోనూ, మామూలు రోడ్ల మీదా కార్లకి 70, బైకులకి 60. స్థానికంగా బోర్డు ఇంతకంటే తక్కువ చెబితే బోర్డు మాటే చెల్లుతుంది.
>
> లైసెన్సు లేకుండా నడిపితే 5,000. హెల్మెట్ లేకపోతే 1,000, మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్. బెల్టు లేకపోతే 1,000. బీమా లేకపోతే 2,000. చేతిలో ఫోనుతో నడిపితే ప్రమాదకర డ్రైవింగ్ కింద 5,000 దాకా. ఇవి కేంద్ర చట్టంలోని మొత్తాలు.
>
> ప్రమాదం జరిగితే 108, 112. జాతీయ రహదారి మీద 1033.

గట్టు మీద నెమ్మదిగా నేర్చుకున్నవాళ్లకి జొన్నాడ, రావులపాలెం, సిద్ధాంతం, తణుకు మీదుగా సాగే 16వ నంబరు హైవే ఇంకో లోకం. అక్కడ అయిదు నిమిషాల దూరం తిరగాల్సి వస్తుందని ఎదురుదారిలో వచ్చే బళ్లే పెద్ద మృత్యువు. తోట చూడాలని కడియపులంక దగ్గర ఉన్నట్టుండి ఆపే కార్లు రెండో రకం. కొత్తవాళ్లు మొదట పొద్దుటి పూట, తెలిసినవాళ్లు పక్కనుండగా, ఎడమ వరసలోనే ఒక పది రోజులు నడపాలి. దాటాలంటే కుడి పక్కనుంచే. అద్దంలో చూసి, ఇండికేటర్ వేసి, ఒక్కసారి మెడ తిప్పి చూసి, అప్పుడే. అద్దంలో కనబడని మూల ఒకటి ప్రతి బండికీ ఉంటుంది. మన బైకు అక్కడే ఉంటుంది.

పడ్డవాణ్ని ఎత్తే చెయ్యి

నన్ను కాలువలోంచి లాగిన బాతులాయన పేరు నాకు తెలియదు. ఆయన ఆలోచించలేదు. ఇప్పటివాళ్లు ఆలోచిస్తారు, కేసవుతుందేమో, స్టేషను చుట్టూ తిరగాలేమో అని. చట్టం ఆ భయం తీసేసింది. 2019 సవరణతో, గాయపడ్డవాళ్లకి మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ కేసు ఏదీ ఉండదు. పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు. తీవ్రంగా గాయపడ్డవాళ్లని మొదటి గంటలో ఆస్పత్రికి చేర్చినవాళ్లకి కేంద్రం ఇచ్చే బహుమతిని 2025లో 'రాహ్‌వీర్' పేరుతో 25,000 రూపాయలకి పెంచారు. అదే ఏడాది మే నుంచి ప్రమాద బాధితులకి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం చేసే పథకం అమల్లోకి వచ్చింది. డబ్బులెవరు కడతారని గేటు దగ్గర బేరాలాడే రోజు పోవాలి. కొత్త డ్రైవరు లైసెన్సుతో పాటు ఈ నాలుగు మాటలూ జేబులో పెట్టుకుంటే చాలు.

మొన్న ఆదివారం మళ్లీ అదే గట్టు మీద, ఎండెక్కాక వెళ్లాం. లాకుల వంతెన దగ్గర అవతలి పక్క ఎల్ బోర్డున్న కారొకటి బెదిరి నిలబడింది. లోపల మధ్యవయసు ఆయన, పక్కన భార్య. వంతెన మీదకి రావాలో వద్దో తేల్చుకోలేక ఒకసారి కదిలి, ఒకసారి ఆగుతున్నాడు. మా వెనక ఆటో హారన్ మోగించింది. పిల్ల మా కారుని తూము పక్కకి తీసి, హ్యాండ్ బ్రేకు లాగి, దిగింది. వంతెన చివర కాలువ అంచుకి వెళ్లి నిలబడింది.

"మెల్లిగా రండి అంకుల్," అంటోంది. "నేను చెప్తాగా. చక్రం తిప్పకండి. కాస్త ఇటు. ఆయ్, అంతేనండి."